ఫ్రంట్ డిరైలర్: స్క్రూలు తిప్పే ముందు చూడాల్సినవి

ఎదురుగా ఎత్తు మొదలైంది. ఎడమచేతి షిఫ్టర్ నొక్కారు. పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాల్లో పెద్దదాని, అంటే పెద్ద రింగు మీద నుంచి చైన్ దిగదు. కరకరమంటూ, దాన్ని పక్కకి నెట్టాల్సిన డిరైలర్ కేజ్‌ను ఒరుసుకుంటుంది. ఇంకాస్త గట్టిగా తొక్కేసరికి ఒక్కసారిగా చిన్న రింగును కూడా దాటేసి, ఫ్రేమ్‌కీ రింగుకీ మధ్య ఇరుక్కుంటుంది. కాళ్లు ఉత్తినే తిరుగుతాయి. సైకిల్ ఆపి, చేతులంతా గ్రీజు చేసుకుని, చైన్ లాగి ఎక్కించి మళ్లీ బయలుదేరాలి. ముందు రెండు మూడు రింగులున్న సైకిల్ తొక్కేవాళ్లలో ఈ పని చెయ్యని వాళ్లు అరుదు.

ఇంటికొచ్చాక చాలామంది స్క్రూడ్రైవర్ తీసి డిరైలర్ మీదున్న రెండు చిన్న స్క్రూలను అటూ ఇటూ తిప్పుతారు. నేనూ అదే చేశాను. వరసగా మూడు సాయంత్రాలు తిప్పాను. ఒక స్క్రూ బిగిస్తే చైన్ లోపలికి పడటం ఆగేది, కానీ చిన్న రింగు మీదకి దిగడం మానేసేది. వదులు చేస్తే దిగేది, మళ్లీ పడేది. నాలుగో రోజు స్కేలు పెట్టి కొలిచాక అసలు విషయం బయటపడింది. డిరైలర్ కేజ్ పెద్ద రింగు పళ్లకి 6 మి.మీ. పైన ఉంది. ఉండాల్సింది 1 నుంచి 3 మి.మీ. ఆ రెండు స్క్రూలు కేజ్ అటూ ఇటూ ఎంత దూరం జరగాలో మాత్రమే చెబుతాయి. ఎత్తు వాటి చేతిలో లేదు. డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే క్లాంప్ వదులు చేసి 4 మి.మీ. కిందికి దించాను. మిగతాదంతా పావుగంటలో సర్దుకుంది.

ఫ్రంట్ డిరైలర్‌కి మొండిదన్న పేరు రావడానికి కారణం సగం ఇదే: సర్దుబాటు వరసలో చివరన రావాల్సిన స్క్రూలను మొదట పట్టుకుంటాం. మిగతా సగం ఇంకా ముందు జరుగుతుంది, ఫ్రేమ్‌కి సరిపోని డిరైలర్ కొన్నప్పుడు.

బిగువు మీదున్న చైన్‌ను నెట్టే పని

వెనక డిరైలర్‌తో పోలిస్తే ముందుది చాలా సాదా వస్తువు. పళ్ల చక్రాలు లేవు, పొడవాటి చెయ్యి లేదు. రెండు లోహపు పలకలు, వాటి మధ్య నుంచి వెళ్లే చైన్, ఆ పలకలను జరిపే ఒక లింకు, ఒక స్ప్రింగ్. పలకల జతనే కేజ్ అంటారు. కేబుల్ లాగితే కేజ్ బయటికి, అంటే పెద్ద రింగు వైపు జరుగుతుంది. కేబుల్ వదిలితే స్ప్రింగ్ దాన్ని లోపలికి, చిన్న రింగు వైపు లాక్కుంటుంది. లోపలి పలక చైన్‌ను బయటికి నెట్టి పైకెక్కిస్తుంది. బయటి పలక లోపలికి తోసి కిందికి దించుతుంది.

చూడటానికి తేలిగ్గా ఉన్నా పని కష్టం. పెడల్ తొక్కినప్పుడు చైన్ పై వరస బిగుసుకుంటుంది, కింది వరస వదులుగా ఉంటుంది. వెనక డిరైలర్ వదులుగా ఉన్న కింది వరసను పట్టుకుని వెనక చక్రం మీది పళ్ల చక్రాలకి, అంటే స్ప్రాకెట్లకి అందిస్తుంది, కాబట్టి దానికి పెద్దగా ఎదురుండదు. ముందు డిరైలర్‌కి ఆ వెసులుబాటు లేదు. మీ కాలి బలమంతా మోస్తూ బిగుసుకున్న పై వరసను, అది రింగు పళ్లలోకి దిగబోయే చోట, పక్క నుంచి నెట్టాలి. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కుతున్నప్పుడు గేరు పడకపోవడానికి కారణం ఇదే. షిఫ్టర్ నొక్కే ఆ అర తిప్పు కాలం కాళ్ల బరువు తగ్గిస్తే చాలు, చైన్ మాట వింటుంది. అంతమాత్రాన పెడల్ ఆపకూడదు. చైన్ కదులుతూ ఉంటేనే గేరు మారుతుంది.

పెద్ద రింగు లోపలి వైపు ఒకసారి వేలితో తడిమి చూడండి. చిన్న చిన్న లోహపు బొడిపెలు, పళ్ల పక్కన ఏటవాలుగా చెక్కిన గాట్లు తగులుతాయి. చైన్‌ను పైకి ఎక్కించేది నిజానికి అవే. కేజ్ చైన్‌ను పక్కకి వాల్చి ఆ బొడిపెకి తగిలేలా చేస్తుంది, బొడిపె దాన్ని పట్టుకుని మెట్టు ఎక్కించినట్టు పైకి తీసుకెళ్తుంది. కేజ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకి తప్పినా, చైన్ బొడిపెకి అందకుండా జారిపోతుంది లేదా దాన్ని దాటి బయటికి పడుతుంది. చోటు విషయంలో ఇంత పట్టింపు అందుకే.

ఎంపిక: మొదటి మాట ఫ్రేమ్‌దే

వెనక డిరైలర్‌ని ఏ సైకిల్‌కైనా దాదాపు ఒకే రకంగా, ఫ్రేమ్ వెనక చివర ఉండే హ్యాంగర్ అనే ముక్కకి ఒకే బోల్టుతో బిగిస్తారు. ముందు డిరైలర్‌కి అలా అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏర్పడలేదు. దుకాణంలో ఒకే పేరుతో, ఒకే ఫొటోతో ఏడెనిమిది రకాలు కనిపించడం అందుకే. మీ ఫ్రేమ్ వాటిలో ఒకటో రెండో మాత్రమే తీసుకుంటుంది.

ఎక్కువగా కనిపించేది క్లాంప్ రకం. సీట్ ట్యూబ్, అంటే సీటు నుంచి పెడళ్ల వైపు దిగే ఫ్రేమ్ గొట్టం చుట్టూ ఒక పట్టీ, దానికి ఒక బోల్టు. ఇందులో మూడు కొలతలు ఉన్నాయి: 28.6, 31.8, 34.9 మి.మీ. సన్నని స్టీల్ ట్యూబులు ఎక్కువగా మొదటి కొలతలో, లావైన అల్యూమినియం ట్యూబులు చివరి రెండిట్లో ఉంటాయి. వెర్నియర్ కాలిపర్ లేకపోతే దారం చాలు. డిరైలర్ కూర్చునే చోట సీట్ ట్యూబ్ చుట్టూ దారాన్ని ఒక్క చుట్టు చుట్టి, కలిసిన చోట గోటితో నొక్కి, విప్పి స్కేలు మీద పరచండి. 90 మి.మీ. దగ్గర వస్తే 28.6. 100 వస్తే 31.8. 110 వస్తే 34.9. ఈ మూడింటి మధ్య తేడా పది పది మిల్లీమీటర్లు ఉంది కాబట్టి దారం కొంచెం అటూ ఇటూ అయినా పొరబడే అవకాశం లేదు. పట్టీ పెద్దది, ట్యూబ్ సన్నది అయితే మధ్యలో పెట్టడానికి వంపు తిరిగిన ముక్కలు దొరుకుతాయి. కొన్ని డిరైలర్లతో పాటే అవి వస్తాయి. పట్టీ చిన్నదైతే మాత్రం చేసేదేమీ లేదు. ఇక కార్బన్ ట్యూబ్ మీద, ఫ్రేమ్ తయారుచేసినవాళ్లు పనికొస్తుందని చెప్తే తప్ప, క్లాంప్ బిగించవద్దు.

రెండోది బ్రేజ్-ఆన్. సీట్ ట్యూబ్ మీద నిలువు గాడి ఉన్న చిన్న లోహపు కొక్కెం ఫ్రేమ్‌తోపాటే వస్తుంది, డిరైలర్ దానికి బోల్టుతో బిగుస్తుంది. రోడ్ సైకిళ్లలో ఇది ఎక్కువ. కొక్కెం లేని ఫ్రేమ్‌కి, ఆ ఆకారంలోనే కొక్కెం ఉన్న పట్టీ ఒకటి విడిగా దొరుకుతుంది. అందుకే ఏది కొనాలో తేల్చుకోలేకపోతే నేను బ్రేజ్-ఆన్ డిరైలర్, దానికి తోడు పట్టీ తీసుకోమంటాను. రేపు ఫ్రేమ్ మారినా పట్టీ ఒక్కటే మారుతుంది. దీనిలో చిక్కు ఒకటుంది. గాడి పొడవు పరిమితం. 52, 53 పళ్ల రింగుల కోసం చేసిన ఫ్రేమ్ మీద 46 పళ్ల రింగు పెడితే, కొన్నిట్లో డిరైలర్ గాడి చివరికి దిగాక కూడా పళ్లకి ఎత్తులోనే ఆగిపోతుంది. చిన్న రింగులకి మారాలనుకునేవాళ్లు ముందే గాడిలో కిందికి ఎంత చోటు మిగిలిందో చూసుకోవాలి.

మౌంటెన్ సైకిళ్లలో ఇంకో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకదానిలో, పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ కప్పు కింద ఇరికించిన పలకకి డిరైలర్ ఉంటుంది. రెండోదానిలో ఫ్రేమ్‌లోనే రంధ్రాలుంటాయి, డిరైలర్ నేరుగా వాటికి బిగుస్తుంది. వీటికి ప్రత్యామ్నాయాలు వెతక్కండి. పాతదాని మీదున్న మోడల్ నంబరు చూసి అదే రకం తీసుకోవడమే మేలు.

కేజ్ ఏ వైపు నుంచి ఊగుతుందన్నది తర్వాతి ప్రశ్న. పట్టీ పైన, కేజ్ కింద ఉంటే డౌన్ స్వింగ్ అంటారు. పట్టీ కిందికి దిగి, కేజ్ దానికి పైన ఊగితే టాప్ స్వింగ్. పని రెండూ ఒకేలా చేస్తాయి. సీట్ ట్యూబ్ మీద నీళ్ల సీసా బోల్టు ఎక్కడుంది, సస్పెన్షన్ పివట్ ఎక్కడుంది అన్నదాన్ని బట్టి ఏదో ఒకటే పడుతుంది. మూడోది సైడ్ స్వింగ్. దీనికి కేబుల్ ముందు వైపు నుంచి వస్తుంది. వెనక చక్రం సీట్ ట్యూబ్‌కి బాగా దగ్గరగా ఉండే, లావు టైర్ల ఫ్రేముల కోసం వచ్చిన పద్ధతి ఇది.

కేబుల్ దారి కూడా ఫ్రేమ్ నిర్ణయించేదే. బాటమ్ బ్రాకెట్ కింద నుంచి తిరిగి పైకొస్తే కింది నుంచి లాగే రకం కావాలి. హ్యాండిల్ వైపు నుంచి సీటు వైపు వచ్చే టాప్ ట్యూబ్ వెంట వచ్చి సీట్ ట్యూబ్ మీదుగా కిందికి దిగితే పై నుంచి లాగే రకం. రెండు దారులనూ ఒప్పుకునేవీ ఉన్నాయి. కొనేముందు పెట్టె మీద ఈ ఒక్క మాట వెతికి చదవండి. దారి తప్పు తెచ్చుకుంటే సర్దుబాటుతో సరయ్యేది కాదు.

రింగుల లెక్క

ఫ్రేమ్ సంగతి తేలాక రింగులు. ఇక్కడ రెండు అంకెలు కావాలి: పెద్ద రింగుకి ఎన్ని పళ్లు, పెద్దదానికీ చిన్నదానికీ తేడా ఎంత.

కేజ్ బయటి పలక కింది అంచు వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు ఒక నిర్దిష్టమైన రింగు వంపుకి తగ్గట్టు గీసినది. 50 పళ్ల కోసం చేసిన కేజ్‌ను 42 పళ్ల రింగు మీద పెడితే, ముందు భాగం 2 మి.మీ. దగ్గర ఉన్నా తోక భాగం పైకి లేచి ఉంటుంది. చైన్ మీద పట్టు తగ్గుతుంది. తోకను కిందికి దించుదామని చూస్తే ముందు భాగం పళ్లకి తగులుతుంది. తిరగేసి, చిన్న రింగుల కేజ్‌ను పెద్ద రింగు మీద పెడితే తోక ముందే పళ్లకి తగిలి, మొత్తం డిరైలర్‌నే పైకి ఎత్తాల్సి వస్తుంది. రెండు మూడు పళ్ల తేడా అయితే నేను పట్టించుకోను. ఎనిమిది పళ్ల తేడాతో గేరు మారడం మందగిస్తుంది.

పళ్ల తేడాని కెపాసిటీ అంటారు. 50, 34 రింగులైతే తేడా 16. 53, 39 అయితే 14. 44, 32, 22 ఉన్న మూడు రింగుల సెట్ అయితే 22. డిరైలర్ కెపాసిటీ ఇంతకంటే తక్కువగా ఉండకూడదు. ఉంటే ఏమవుతుందో చూడటం తేలిక: చిన్న రింగు మీద, వెనక చిన్న స్ప్రాకెట్ల మీద చైన్ ఉన్నప్పుడు అది బాగా కిందికి దిగి, కేజ్ తోకలో రెండు పలకలను కలిపే అడ్డు ముక్క మీద ఈడ్చుకుంటూ వెళ్తుంది. ఆ చప్పుడుకి స్క్రూలలో మందు లేదు.

మూడు రింగుల డిరైలర్ లోపలి పలక వెడల్పుగా, మెట్లు మెట్లుగా ఉంటుంది, మధ్య రింగు నుంచి కూడా ఎత్తాలి కాబట్టి. అందుకే దాన్ని రెండు రింగుల మీద పెడితే పని నడుస్తుంది గానీ చురుకుదనం తగ్గుతుంది. రెండు రింగుల డిరైలర్‌ని మూడు రింగుల మీద పెట్టడం మాత్రం వద్దు.

ఎక్కువమంది మరిచిపోయేది చైన్ లైన్. ఫ్రేమ్ నడి గీత నుంచి రింగుల మధ్య బిందువు వరకూ ఉన్న దూరం ఇది. రెండు రింగుల రోడ్ సైకిళ్లలో చాలాకాలం 43.5 మి.మీ. నడిచింది. మౌంటెన్ సైకిళ్లలో 50 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. షిమానో కంపెనీ వాళ్ల గ్రావెల్ (కంకర దారుల) వరస జీఆర్‌ఎక్స్‌లో రింగులను లావు టైర్ల కోసం రోడ్ సెట్ కంటే 2.5 మి.మీ. బయటికి జరిపి 46.9 దగ్గర పెట్టారు. దానికి తగ్గట్టు డిరైలర్ కూడా బయటికి జరిగింది. అందుకే ఆ క్రాంక్‌కి, అంటే రింగులు, పెడల్ చేతులు ఉన్న ఆ సెట్‌కి, ఆ డిరైలర్‌నే పెట్టమంటారు. 2.5 మి.మీ. చిన్న మాటలా అనిపించవచ్చు. కేజ్‌కీ చైన్‌కీ మధ్య మనం వదిలే సందు అర మిల్లీమీటర్ అని గుర్తుచేసుకుంటే అది ఎంత దూరమో తెలుస్తుంది.

చైన్ వెడల్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. వెనక స్ప్రాకెట్లు పెరిగిన కొద్దీ చైన్ సన్నబడింది. 8 స్పీడ్ చైన్ బయటి వెడల్పు 7 మి.మీ. పైచిలుకు, 11 స్పీడ్‌ది 5.5 దగ్గర. సన్న చైన్‌కి వెడల్పాటి కేజ్ పెడితే చైన్ కేజ్‌లో అటూ ఇటూ ఆడి, నెట్టాల్సిన సమయానికి ఆలస్యంగా కదులుతుంది. వెడల్పు చైన్‌కి సన్న కేజ్ పెడితే ఏ గేరులోనైనా ఒరుసుకుంటుంది. ఒక్క స్పీడ్ తేడాని సర్దుకోవచ్చు, అంతకంటే వద్దు.

చివరిది షిఫ్టర్. ఒక్క క్లిక్‌కి షిఫ్టర్ ఎంత కేబుల్ లాగుతుంది, అంత కేబుల్‌కి డిరైలర్ ఎంత కదులుతుంది అన్న రెండూ కలవాలి. రోడ్ షిఫ్టర్లు, మౌంటెన్ షిఫ్టర్లు లాగే పొడవు వేరు. చేత్తో పట్టుకుని చూస్తే ఏ డిరైలరైనా కదులుతుంది, కానీ క్లిక్ పడ్డాక సగంలో ఆగిపోతుంది లేదా కేజ్ రింగును దాటేస్తుంది. క్లిక్కులు లేని పాతకాలపు ఫ్రిక్షన్ షిఫ్టర్‌కి ఈ బెడద లేదు, దేనితోనైనా పనిచేస్తుంది. కలగాపులగంగా భాగాలు కూర్చిన సైకిల్‌కి ఎడమ వైపు ఫ్రిక్షన్ షిఫ్టర్ పెట్టుకోవడం నాకు తెలిసినంతలో అన్నిటికంటే ప్రశాంతమైన పరిష్కారం.

ఇవన్నీ సరిపోయాకే ఏ గ్రేడు అన్న ప్రశ్న. ఖరీదైనవి తేలికగా ఉంటాయి, పలకలు తక్కువ వంగుతాయి. కానీ ఫ్రేమ్‌కీ రింగులకీ సరిపోయిన సాదా డిరైలర్, సరిపోని ఖరీదైనదానికంటే ఎప్పుడూ బాగా పనిచేస్తుంది.

అసలు ఇదంతా ఎందుకు, ముందు ఒకే రింగు పెట్టుకుంటే పోదా అనేవాళ్లున్నారు. 2012లో స్రామ్ కంపెనీ ఒకే రింగు సెట్ ఎక్స్‌ఎక్స్1 వచ్చాక మౌంటెన్ సైకిళ్లు దాదాపుగా ఆ దారే పట్టాయి, అక్కడ అది సబబే. రోడ్ మీద లెక్క వేరు. ముందు 50, 34, వెనక 11 నుంచి 34 ఉంటే అత్యధిక గేరు అత్యల్పానికి 4.5 రెట్లు ఉంటుంది. ముందు ఒకటే పెట్టి వెనక 11 నుంచి 42 పెడితే 3.8 రెట్లే, పైగా గేరుకీ గేరుకీ మధ్య మెట్లు ఎత్తుగా ఉంటాయి. గంటల తరబడి ఒకే లయలో తొక్కేవాళ్లకి ఆ మెట్లు కాళ్లకి తెలుస్తాయి. ఎలక్ట్రానిక్ డిరైలర్ అయితే కేబుల్, షిఫ్టర్ లెక్క అక్కర్లేదు గానీ ఎత్తు, కోణం కొలతలు దానికీ ఇవే.

బిగింపు: ఎత్తు, కోణం, ఆ తర్వాతే మిగతావి

మొదలుపెట్టే ముందు రెండు చూడండి. క్రాంక్ చేతిని పట్టుకుని ఫ్రేమ్ వైపు అటూ ఇటూ ఊపండి. టకటకమని ఆడితే బాటమ్ బ్రాకెట్ వదులైంది, ముందు అది సరిచెయ్యాలి. క్రాంక్‌ను వెనక్కి తిప్పుతూ పెద్ద రింగును పై నుంచి చూడండి. పళ్లు పాములా అటూ ఇటూ ఊగుతుంటే రింగు వంగింది. ఊగే రింగుకి అర మిల్లీమీటర్ సందు పెట్టడం కుదిరే పని కాదు.

కేబుల్ ఇప్పుడే బిగించకండి. పాత కేజ్‌లలో తోక దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది, అది తీస్తే కేజ్ తెరుచుకుని చైన్ లోపలికి వెళ్లిపోతుంది. కొత్తవాటిలో అక్కడ రివెట్ ఉంటుంది, కాబట్టి చైన్‌నే, విప్పి కలపడానికి వీలున్న క్విక్ లింక్ దగ్గర విప్పాలి. కొత్త డిరైలర్‌లో కేజ్‌ను బయటికి నెట్టి పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటే దాన్ని తీసి పారెయ్యకండి. పెద్ద రింగు మీద కేజ్ ఎక్కడ ఆగుతుందో చూపడానికే అది పెట్టారు. ఎత్తు, కోణం కుదిరాకే తియ్యాలి.

ఇప్పుడు ఎత్తు. ప్లాస్టిక్ ముక్క లేకపోతే కేజ్‌ను చేత్తో బయటికి లాగి, బయటి పలక సరిగ్గా పెద్ద రింగు పళ్ల మీదకి వచ్చేలా పట్టుకోండి. సందులో 2 మి.మీ. అల్లెన్ కీ దూర్చండి. బిగుతు లేకుండా, ఊగిపోకుండా జారితే అదే సరైన ఎత్తు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రింగు మీద పళ్లన్నీ ఒకే ఎత్తు ఉండవు, గేరు మారడానికి వీలుగా కొన్నిటిని కురచగా కోస్తారు. కురచ పన్ను దగ్గర కొలిస్తే, క్రాంక్ సగం తిరిగేసరికి పొడుగు పన్ను పలకకి తగులుతుంది. క్రాంక్ నెమ్మదిగా తిప్పుతూ, అన్నిటికంటే ఎత్తైన పన్ను పలక కింద ఉన్నప్పుడు కొలవండి.

ఎత్తు పెట్టాక కోణం. సైకిల్ మీద నుంచి వంగి, ఒక కన్ను మూసి నేరుగా కిందికి చూడండి. బయటి పలక, పెద్ద రింగు రెండు గీతల్లా పక్కపక్కనే సమాంతరంగా ఉండాలి. కంటికి నమ్మకం లేకపోతే ఒక సన్నని స్కేలును రింగు బయటి ముఖానికి ఆనించి పట్టుకుని, పలకను దానితో పోల్చండి. తోక బయటికి తిరిగితే క్రాంక్ చేతికి తగిలే ప్రమాదం ఉంది. లోపలికి తిరిగితే కొన్ని గేర్లలో చైన్‌ను ఒరుసుకుంటుంది.

అంతా కుదిరిందనుకుని బోల్టు బిగిస్తే, బోల్టు తిరిగే వైపే డిరైలర్ కూడా కొంచెం తిరిగిపోతుంది. ఇది ప్రతిసారీ జరుగుతుంది. ఎడమచేత్తో డిరైలర్‌ని గట్టిగా పట్టుకుని, కొంచెం కొంచెంగా బిగిస్తూ మళ్లీ మళ్లీ పై నుంచి చూసుకోవాలి. ఎత్తు మార్చాల్సి వస్తే కోణం చెడకుండా, కోణం మార్చాల్సి వస్తే ఎత్తు చెడకుండా, ఒకసారి ఒకటే కదపండి. క్లాంప్ బోల్టుకి మామూలుగా 5 నుంచి 7 న్యూటన్ మీటర్లు చాలు. పలచని ట్యూబ్ మీద అంతకంటే ఎక్కువ బిగిస్తే నొక్కుకుపోతుంది. టార్క్ రెంచ్ ఉంటే ఇక్కడే దాని అవసరం. షిమానో బ్రేజ్-ఆన్ రకాల్లో ఫ్రేమ్‌కి ఆనే ఒక చిన్న సపోర్ట్ బోల్టు ఉంటుంది. చైన్‌ను నెట్టేటప్పుడు డిరైలర్ మెలి తిరగకుండా ఆపేది అది. అది ఆనే చోట ఇచ్చిన చిన్న రక్షణ పలకను అంటించడం మరవకండి, లేకపోతే బోల్టు పెయింట్‌లోకి దిగుతుంది.

ఇప్పటికి స్క్రూల వంతు వచ్చింది. ముందు లోపలి హద్దు. చైన్‌ను ముందు చిన్న రింగు మీద, వెనక అన్నిటికంటే పెద్ద స్ప్రాకెట్ మీద పెట్టండి. చైన్ ఇంతకంటే లోపలికి ఎప్పుడూ రాదు. ఎల్ అని రాసిన స్క్రూతో, లోపలి పలకకీ చైన్‌కీ మధ్య అర మిల్లీమీటర్ సందు మిగిలేలా చెయ్యండి. ఒక కాగితాన్ని నాలుగైదు పొరలు వచ్చేలా మడిస్తే ఆ మందం వస్తుంది. రెండు స్క్రూలలో ఏది ఏదో అక్షరం చెరిగిపోయి తెలియకపోతే, పావు తిప్పు తిప్పి కేజ్ కదిలిందో లేదో చూడండి. కేబుల్ లేని స్థితిలో కేజ్‌ను కదిపేది ఎల్ ఒక్కటే.

ఆ తర్వాత కేబుల్. షిఫ్టర్‌ను పూర్తిగా వదులు స్థానానికి తేవాలి. కేబుల్‌ను లాగి బిగించే గుండ్రటి అడ్జస్టర్ ఉంటే, దాన్ని పూర్తిగా లోపలికి తిప్పి ఒక చుట్టు వెనక్కి తియ్యండి. కేబుల్‌ను ప్లయర్స్‌తో బిగువుగా లాగి పట్టుకుని బోల్టు బిగించండి. బోల్టు కింద కేబుల్ కోసం ఒక గాడి ఉంటుంది, కేబుల్ దానిలోనే కూర్చోవాలి. గాడికి ఎదుటి వైపు పెడితే కేబుల్ లాగే చోటు మారి, షిఫ్టర్ క్లిక్‌కీ కేజ్ కదలికకీ లెక్క తప్పుతుంది. నేను చూసిన వాటిలో, అన్నీ సరిగ్గా ఉన్నా పనిచెయ్యని డిరైలర్లు చాలావరకు ఇక్కడే తప్పాయి. కొత్త కేబుల్ అయితే ఫ్రేమ్ వెంట బయటికి కనిపించే చోట పట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా లాగండి. వైరు, దాని పై తొడుగు (ఔటర్) తమ చోట్లలో సర్దుకుని కొంచెం వదులవుతాయి. మళ్లీ బోల్టు విప్పి ఆ వదులు లాగేయండి. ఈ ఒక్క పని మానేస్తే రెండో రోజుకి పెద్ద రింగు మీదకి చైన్ ఎక్కదు.

చివరన బయటి హద్దు. చైన్ పెద్ద రింగు మీద, వెనక అన్నిటికంటే చిన్న స్ప్రాకెట్ మీద. హెచ్ స్క్రూతో బయటి పలకకీ చైన్‌కీ మధ్య మళ్లీ అదే అర మిల్లీమీటర్. పెద్ద రింగు మీదకి చైన్ ఎక్కకపోతే వెంటనే హెచ్ స్క్రూ వదులు చెయ్యకండి. ముందు కేబుల్ టెన్షన్ కొంచెం పెంచి చూడండి. కేబుల్ వదులుగా ఉంటే కేజ్ ఆ స్క్రూ దాకా రానే రాదు. అప్పుడు స్క్రూ వదులు చేసి లాభం లేదు. తర్వాత టెన్షన్ పెంచగానే చైన్ బయటికి, పెడల్ వైపు పడుతుంది.

అన్నీ కుదిరాక కూడా మిగిలే చప్పుళ్లు

పెద్ద రింగు, వెనక పెద్ద స్ప్రాకెట్ల మీద చైన్ ఏటవాలుగా వెళ్తుంది. చిన్న రింగు, చిన్న స్ప్రాకెట్ల మీద కూడా అంతే. అక్కడ కేజ్‌కి కొంచెం ఒరుసుకోవడం తప్పు కాదు. చాలా రోడ్ షిఫ్టర్లలో ఇందుకోసమే సగం క్లిక్ ఒకటి ఉంటుంది. లీవర్‌ను కొద్దిగా నొక్కితే గేరు మారకుండా కేజ్ ఒక మిల్లీమీటర్ పక్కకి జరిగి చప్పుడు ఆగిపోతుంది. దీన్ని ట్రిమ్ అంటారు. ఇది ఉందని తెలియక ఆ చప్పుడు పోగొట్టడానికి స్క్రూలు తిప్పి, బాగున్న సర్దుబాటును చెడగొట్టుకునేవాళ్లు చాలామంది.

క్రాంక్ ఒక్కో చుట్టుకి ఒక్కసారే, ఒకే చోట చప్పుడొస్తే అది రింగు వంపు. లేచి నిలబడి తొక్కినప్పుడే వస్తే ఫ్రేమ్, క్రాంక్ బలానికి వంగుతున్నాయి లేదా బాటమ్ బ్రాకెట్ వదులైంది. చిన్న రింగు మీదకి దిగడం బద్ధకంగా ఉంటే ముందు కేబుల్‌ను అనుమానించండి. దింపేది స్ప్రింగ్ ఒక్కటే, కేబుల్‌లో మట్టి పట్టినా తుప్పు పట్టినా స్ప్రింగ్ దాన్ని ఈడ్వలేదు. బాటమ్ బ్రాకెట్ కింద నుంచి వెళ్లే కేబుల్ అయితే, సైకిల్‌ను తలకిందులు చేసి అక్కడున్న ప్లాస్టిక్ గాడిని చూడండి. ముందు చక్రం చిమ్మే బురద నీళ్లన్నీ నేరుగా అక్కడికే వస్తాయి. తడిగుడ్డతో తుడిచి, కేబుల్ పోగులు విడిపోయి ఉంటే మార్చెయ్యాలి. డిరైలర్ లింకుల దగ్గర రెండు చుక్కల నూనె కూడా పడాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా, గతుకుల దారిలో చైన్ అప్పుడప్పుడూ లోపలికి పడుతూనే ఉంటే చైన్ క్యాచర్ అనే చిన్న ముక్క పెట్టుకోవచ్చు. చిన్న రింగు పక్కన నిలబడి చైన్‌ను అడ్డుకుంటుంది. కార్బన్ ఫ్రేమ్ ఉన్నవాళ్లకి దీన్ని నేను గట్టిగా సిఫారసు చేస్తాను, పడిన చైన్ ఒక్క తిప్పులో బాటమ్ బ్రాకెట్ దగ్గర ఫ్రేమ్‌ను రంపంలా కోసేస్తుంది.

పని పూర్తయ్యాక సీట్ ట్యూబ్ మీద, క్లాంప్ కింది అంచుకి ఆనించి సన్నని టేపు ముక్క ఒకటి అంటించండి. క్లాంప్ బోల్టు దగ్గర నుంచి ట్యూబ్ మీదకి పెన్సిల్‌తో ఒక నిలువు గీత కూడా గియ్యండి. ఫ్రేమ్ కడగడానికో రింగులు మార్చడానికో డిరైలర్‌ని మళ్లీ విప్పినప్పుడు, ఎత్తు టేపు చెబుతుంది, కోణం గీత చెబుతుంది.